విడివిడిగా కొలిస్తే అందని విషం

2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఏలూరు వన్‌టౌన్ జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. ఆడుకుంటున్న పిల్లలు, వంటపనిలో ఉన్న ఆడవాళ్లు, బజారుకెళ్లిన మగవాళ్లు ఫిట్స్‌తో కొట్టుకుంటూ, నోటి వెంట నురగతో ప్రభుత్వాసుపత్రికి చేరారు. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య వందల్లోకి చేరింది. నీళ్లలో క్లోరిన్ ఎక్కువైందని ఒకరన్నారు, దోమల మందని ఇంకొకరన్నారు, కూరగాయలని మరొకరన్నారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాలను పట్టుకుంది. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. ఊరు కుదుటపడింది, వార్త వెనక్కి పోయింది.

ఆ రోజుల్లో మంత్రి మొదలు టీకొట్టు దాకా అందరిదీ ఒకటే ప్రశ్న. ఇంతకీ ఏది? సీసమా, నికెలా, పురుగుమందా? ఒక దోషి దొరికితే తక్కినవన్నీ నిర్దోషులైపోతాయన్నట్టు సాగింది ఆ వెతుకులాట. ఒకే ఊరి జనం ఒంట్లో భారలోహాలూ పురుగుమందులూ కూడా ఉన్నాయన్న విషయం మీద ఎవరూ ఆగలేదు. ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్లు కళ్లకు కనిపించారు కాబట్టి పరీక్షలైనా జరిగాయి. అవే పదార్థాలు అంతకంటే ఎంతో తక్కువ మోతాదులో, ఏళ్ల తరబడి, ఒక గర్భిణి రక్తంలోంచి కడుపులోని బిడ్డకు చేరితే ఎవరూ పడిపోరు. ఆస్పత్రి మంచాలు నిండవు. మూడేళ్లకు మాటలు సరిగా రావు, ఆరేళ్లకు బడిలో కుదురు ఉండదు, పదేళ్లకు లెక్కలు తలకెక్కవు. దానికి కారణం అడిగేవాళ్లే ఉండరు.

ఈ ‘ఏది’ అన్న ప్రశ్నే పిల్లల మెదడు విషయంలో తప్పుదారి పట్టిస్తోంది. మన చట్టాలు, ప్రయోగశాలలు, కాలుష్య మండళ్లు అన్నీ ఒక్కో పదార్థాన్ని విడిగా పట్టి, విడిగా కొలిచి, పరిమితిలో ఉంది కాబట్టి భయం లేదని చెబుతాయి. పిండానికి మాత్రం ఏదీ విడిగా రాదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అన్నీ కలిసే వస్తాయి.

స్వీడన్‌లో జరిగిన పరిశోధన ఈ సంగతిని ఇప్పటివరకు అన్నిటికంటే స్పష్టంగా చూపించింది. సెల్మా అనే ఆ అధ్యయనం వార్మ్‌లాండ్ ప్రాంతంలో గర్భిణులను తొలి త్రైమాసికంలోనే చేర్చుకుంది. వాళ్ల రక్తం, మూత్రం సేకరించి ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, బిస్ఫినాల్, నీరూ నూనే అంటకుండా వాడే పర్‌ఫ్లోరో రసాయనాల వంటివి ఎంతెంత ఉన్నాయో కొలిచింది. పిల్లలు పుట్టి రెండున్నరేళ్ల వయసుకు వచ్చాక ఎన్ని మాటలు పలుకుతున్నారో లెక్క తీసింది. ఆ వయసుకు 50 మాటలు కూడా రాకపోతే మాటలు ఆలస్యమైనట్టు లెక్క. ఎక్కడా ఫ్యాక్టరీ ప్రమాదం లేదు, విషపు బావి లేదు. సాదాసీదా స్వీడిష్ ఇళ్లు, సాదాసీదా తల్లులు.

పరిశోధకులు అక్కడితో ఆగలేదు. మాటలు ఆలస్యమైన పిల్లల తల్లుల్లో ఏ రసాయనాలు ఏ పాళ్లలో కలిసి ఉన్నాయో చూసి, అచ్చం అదే మిశ్రమాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. మిలాన్‌లో మానవ మూలకణాల నుంచి పెంచిన చిన్న మెదడు ముద్దల మీద దాన్ని పరీక్షించారు. మెదడు ఎదుగుదలను నడిపే జన్యువుల పని తారుమారైంది. వాటిలో ఆటిజంతో సంబంధం ఉన్న జన్యువులూ ఉన్నాయి. తోకకప్పల మీద, జీబ్రా చేపల మీద ప్రయోగిస్తే థైరాయిడ్ సంకేతాలు దెబ్బతిని, వాటి ఈత తీరే మారిపోయింది. ఆ తరువాత మళ్లీ పిల్లల లెక్కలకు వచ్చారు. కడుపులో ఉండగా ఈ మిశ్రమం అందరికంటే ఎక్కువగా సోకిన పదో వంతు పిల్లల్లో మాటలు ఆలస్యమయ్యే ముప్పు, అందరికంటే తక్కువ సోకిన పదో వంతు పిల్లలతో పోలిస్తే 3.3 రెట్లు ఉంది. ఆందోళన పడాల్సిన స్థాయిని దాటినవాళ్లు 54 శాతం దాకా ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. ఒక్కో రసాయనానికి విడిగా హద్దు గీసే పద్ధతికి ఈ ముప్పు చిక్కదని ఆ శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు.

సున్నాకు సున్నా కలిపితే సున్నాయే రావాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. 2002లోనే లండన్‌లో ఆండ్రియాస్ కోర్టెన్‌క్యాంప్ బృందం దీన్ని పరీక్షకు పెట్టింది. ఈస్ట్రోజెన్ హార్మోన్‌లా ప్రవర్తించే ఎనిమిది రసాయనాలను తీసుకుంది. ఒక్కోదాన్నీ విడిగా వేస్తే ఏ ప్రభావమూ కనిపించనంత తక్కువ మోతాదులో ఉంచి, ఎనిమిదింటినీ కలిపింది. ప్రభావం కనిపించింది, అదీ గట్టిగానే. విడిగా చూస్తే సున్నా అనుకున్నది నిజానికి సున్నా కాదు, కొలతకు అందనంత చిన్నది. ఆ చిన్నవన్నీ కూడితే కొలతకు అందాయి.

మెదడు విషయంలో ఈ కూడిక ఎలా జరుగుతుందో చూడటానికి థైరాయిడ్ మంచి చోటు. గర్భంలో తొలి మూడు నెలలూ బిడ్డకు సొంత థైరాయిడ్ హార్మోన్ ఉండదు. తల్లి హార్మోనే మాయ గుండా చేరి, నాడీకణాలు ఎక్కడ పుట్టాలో, ఎటు కదలాలో, ఎక్కడ కుదురుకోవాలో నడిపిస్తుంది. ఆ హార్మోన్ తయారీకి అయోడిన్ కావాలి. అయోడిన్ థైరాయిడ్ కణంలోకి వెళ్లేది ఒకే ద్వారం గుండా. పొలాల్లో వేసిన యూరియా ఇంకిపోయి బావినీళ్లలో చేరిన నైట్రేట్ ఆ ద్వారం దగ్గరే అడ్డు పడుతుంది. పొగాకు పొగ నుంచి ఒంట్లో తయారయ్యే థయోసయనేట్ అక్కడే అడ్డు పడుతుంది. బాణసంచా, రాకెట్ ఇంధనాల్లో వాడే పెర్‌క్లోరేట్ కూడా అక్కడే. మన తాగునీటి ప్రమాణాల్లో నైట్రేట్‌కు లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు ఉంది. పసిపిల్లల ఒళ్లు నీలిబారే జబ్బును దృష్టిలో పెట్టుకుని గీసిన హద్దు అది. మిగతా రెండు అడ్డంకులు కూడా అదే గుమ్మంలో నిలబడితే ఏమవుతుందన్న లెక్క అందులో లేదు.

సీసం కథ ఇంకా పాతది, ఇంకా బాధాకరమైనది. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అమెరికాలోని మసాచుసెట్స్‌లో పిల్లలకు ఊడిన పాలపళ్లు సేకరించి వాటిలోని సీసాన్ని కొలిచాడు. పళ్లలో సీసం ఎక్కువగా ఉన్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో, క్లాసులో ధ్యాస నిలపడంలో వెనకబడ్డారు. ఆ పిల్లల్లో ఒక్కరికీ జబ్బు లక్షణాలు లేవు. సీసం పరిశ్రమ తరఫు వాళ్లు ఆయన మీద ఏళ్ల తరబడి ఆరోపణలు మోపారు, విచారణలు జరిగాయి, ఆయన మాటే నిలిచింది. 1960లలో పిల్లల రక్తంలో డెసిలీటరుకు 60 మైక్రోగ్రాముల దాకా ఫరవాలేదనుకున్న అమెరికా, 1991లో 10కి, 2012లో 5కి, 2021లో 3.5కి దిగింది. దిగిన ప్రతిసారీ అంతకు ముందు తరం పిల్లలు అప్పటికే నష్టపోయారు. 2005లో ఏడు అధ్యయనాల్లోని 1,333 మంది పిల్లల వివరాలు కలిపి చూసిన బ్రూస్ లాన్‌ఫియర్ బృందం మరింత కలవరపెట్టే సంగతి కనిపెట్టింది. రక్తంలో సీసం 2.4 నుంచి 10కి పెరిగితే ఐక్యూ 3.9 పాయింట్లు పోతుంది. 10 నుంచి 20కి పెరిగితే పోయేది 1.9 మాత్రమే. పెద్ద దెబ్బ మొదటి కొద్దిపాటి సీసంతోనే తగులుతోంది.

ఆ సీసానికి మాంగనీస్ తోడైతే? మెక్సికో నగరంలో పిల్లలకు ఏడాది వయసులో, రెండేళ్ల వయసులో రెండు లోహాలనూ కొలిచిన అధ్యయనం దీనికి జవాబిచ్చింది. మాంగనీస్ ఎక్కువగా ఉన్న పిల్లల్లో సీసం చేసే కీడు మామూలు కంటే ఎక్కువగా కనిపించింది. ఇది ఒకటీ ఒకటీ రెండయ్యే కూడిక కాదు. ఒకటి రెండోదానికి బలమిస్తోంది.

ఇక మన ఇళ్లకు వద్దాం. సీసం, మాంగనీస్, కాడ్మియం పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లడానికి వాడుకునే దారుల్లో ముఖ్యమైనది ఇనుము వెళ్లే దారి. తిండిలో ఇనుము చాలకపోతే శరీరం ఆ దారిని మరింత వెడల్పు చేసుకుంటుంది, ఇనుము కోసం. వచ్చేది ఇనుమో సీసమో అది తేల్చుకోలేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువే. పైగా చిన్నపిల్లలు మింగిన సీసంలో ఒంటపట్టే భాగం పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. స్వీడన్ బిడ్డకూ అనంతపురం బిడ్డకూ ఒకే మోతాదు సీసం సోకినా ఒకే నష్టం జరగదు. ధనిక దేశాల్లో గీసిన హద్దును మనం తెచ్చుకుని, దాని కిందే ఉన్నామని ఊరట పడటంలో ఉన్న తప్పు ఇక్కడే ఉంది.

2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు దాటిన పిల్లలు 80 కోట్ల మంది. అందులో దాదాపు 27.5 కోట్లు భారతీయులే. పెట్రోలులో సీసం మన దేశంలో 2000లోనే పోయింది. ఇంటి రంగుల్లో 90 పీపీఎం హద్దు 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అయినా పాత బ్యాటరీలను ఇంటి వెనకాల కరిగించే చోట్ల నేల నుంచి, పాత గోడల పెచ్చుల నుంచి, కొన్ని రకాల వంటపాత్రల నుంచి, కల్తీ పసుపు నుంచి అది వస్తూనే ఉంది. మన ఇళ్లలో తరతరాలుగా వాడే హిండాలియం గిన్నెల్లాంటి లోహ మిశ్రమాల పాత్రల్లో కొన్నిటి నుంచి సీసం తిండిలోకి దిగుతోందని 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. సూట్‌కేసుల్లో ఆ గిన్నెలను సియాటిల్‌కో డాలస్‌కో మోసుకెళ్లే తెలుగు కుటుంబాలకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. పిల్లల రక్తంలో సీసం చూసే పరీక్ష అక్కడ మామూలు విషయం. అదే గిన్నెలో వండిన పప్పన్నం తినే గుంటూరు బిడ్డకు ఆ పరీక్ష పేరు చెప్పేవాళ్లే అరుదు.

పురుగుమందుల సంగతికి వస్తే, మిశ్రమాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. మిరపతోట గట్టు చాలు. ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్లు పోస్తారు. దుకాణదారు ఇచ్చిన రెండు మూడు సీసాలు అందులో వంపుతారు, ఒకటి తామర పురుగుకు, ఒకటి నల్లికి, ఇంకొకటి తెగులుకు. కర్రతో కలిపితే నీళ్లు పాలలా తెల్లగా మారతాయి. ఘాటు వాసన గట్టంతా వ్యాపిస్తుంది. ఆ నీళ్లు బిందెతో మోసి పోసేది చాలా చోట్ల ఇంటి ఆడమనిషే. చేతికి తొడుగు ఉండదు, ముక్కుకు కొంగే అడ్డం. 2021 చలికాలంలో నల్లతామర పురుగు మిరపను ఊడ్చిపెట్టినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో రైతులు దిక్కుతోచక ఒకదాని మీద ఒకటి కలిపి కొట్టారు. వాళ్లను తప్పు పట్టలేం. అప్పు చేసి వేసిన పంట కళ్లముందే ముడుచుకుపోతుంటే ఎవరైనా అదే చేస్తారు. పైగా కలిపి కొట్టడం రైతు సొంత తెలివి మాత్రమే అనుకోనక్కర్లేదు. క్లోర్‌పైరిఫాస్ 50 శాతం, సైపర్‌మెత్రిన్ 5 శాతం కలిపిన సీసాలు అనుమతితోనే అంగట్లో దొరుకుతాయి.

క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు పురుగును చంపేది దాని నాడుల్లో సంకేతాలను ముగించే ఎంజైమును ఆపేసి. మనిషి నాడుల్లోనూ అదే ఎంజైము ఉంది. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో లెట్యూస్, స్ట్రాబెర్రీ తోటల్లో పనిచేసే కుటుంబాల గర్భిణులను బ్రెండా ఎస్కెనాజీ బృందం 1999 నుంచి అనుసరించింది. తల్లి మూత్రంలో ఈ మందుల ఆనవాళ్లు అందరికంటే ఎక్కువగా ఉన్న వర్గానికి పుట్టిన పిల్లలు ఏడేళ్ల వయసులో, అందరికంటే తక్కువ ఉన్న వర్గం పిల్లలకంటే ఐక్యూలో సగటున 7 పాయింట్లు వెనకబడి ఉన్నారు. యూరప్ సమాఖ్య 2020లో క్లోర్‌పైరిఫాస్‌ను వద్దనుకుంది. అదే ఏడాది మేలో మన కేంద్ర ప్రభుత్వం నిషేధిస్తామని ముసాయిదాలో పెట్టిన 27 మందుల్లోనూ అది ఉంది. క్లోర్‌పైరిఫాస్ మీద పూర్తి నిషేధం మాత్రం ముసాయిదా దాటలేదు.

నీళ్లు, గాలి కూడా ఈ లెక్కలో ఉన్నాయి. దర్శి, పొదిలి ప్రాంతాల్లో ఫ్లోరోసిస్‌ను మద్రాసు వైద్యులు 1937లోనే గుర్తించారు, ఆ తరువాత నల్లగొండ పేరు ప్రపంచానికి తెలిసింది. మనం వంగిన ఎముకలనూ మచ్చల పళ్లనూ చూశాం. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్‌కూ పిల్లల ఐక్యూ తగ్గడానికీ సంబంధం ఉందని అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం 2024 ఆగస్టులో ఓ మోస్తరు నమ్మకంతో తేల్చింది. అంటే ఎముకలతో పాటు మెదడు లెక్క కూడా మొదటి నుంచే అడగాల్సి ఉండింది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక నల్లగొండ పల్లెల్లో పరిస్థితి మారింది. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఇంకా బోర్ల మీద ఆధారపడేవాళ్లు ఉన్నారు. ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పక్కనే నైట్రేట్ ఉంటే రెండింటినీ రెండు వేర్వేరు గళ్లలో రాసి వదిలేస్తున్నాం.

గాలిలోని మసి కణాలు మాయ దాటి పిండానికి చేరతాయా అన్న అనుమానం 2022లో తీరింది. బెల్జియంలోని హాసెల్ట్, స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు గర్భస్థ శిశువుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో ఆ కణాలను చూశారు. ఇక బయటికొచ్చి బడికెళ్లే వయసులో ఏం జరుగుతుందో బార్సిలోనాలోని 39 బడులు చెప్పాయి. ఏడాదిలో పిల్లల జ్ఞాపకశక్తి కాలుష్యం తక్కువ ఉన్న బడుల్లో 11.5 శాతం పెరిగితే, ఎక్కువ ఉన్న బడుల్లో 7.4 శాతమే పెరిగింది.

వీటన్నిటి మీదా పేదరికం కూర్చుంటుంది. న్యూయార్క్‌లో ఫ్రెడెరికా పెరెరా బృందం గర్భిణుల వీపుకు గాలిని కొలిచే సంచులు తగిలించి, వాహనాల పొగ, ఇంధనాలు కాలిన మసి ఎంత పీలుస్తున్నారో కొలిచింది. ఆ పొగ ఎక్కువగా పీల్చిన తల్లుల పిల్లలకు ఐక్యూ తగ్గింది. తిండికి, ఇంటి అద్దెకు, బట్టలకు కటకటలాడిన తల్లుల పిల్లల్లో అదే పొగ మరింత నష్టం చేసింది. రోచెస్టర్‌లో డెబోరా కోరీ-స్లెక్టా ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. తల్లి ఎలుకను ఒత్తిడికి గురిచేస్తే సీసం దెబ్బ పిల్లల్లో వేరే రూపం తీసుకుంటుంది, ఒక్కోసారి బలపడుతుంది. సీసానికి ఒక శాఖ, ఆకలికి ఒక శాఖ, తల్లి మనసులోని దిగులుకు ఏ శాఖా లేదు. బిడ్డ మెదడులో మాత్రం ఇవన్నీ ఒకే చోట పనిచేస్తాయి.

‘మేం పొలాల మధ్యే పెరిగాం, పురుగుమందుల వాసన పీల్చే చదువుకున్నాం, మాకేమైంది?’ అనే మాట తరచూ వినిపిస్తుంది. నిజమే, ఒక్క మనిషిని నిలబెట్టి చూస్తే ఏమీ తేలదు. నాలుగైదు పాయింట్లు తగ్గిన మనిషికి తాను ఇంకోలా ఉండేవాడినని ఎన్నటికీ తెలియదు. జనం మొత్తాన్ని చూస్తే లెక్క వేరు. సగటు ఐక్యూ 100 నుంచి 95కి జారితే, 70 కంటే దిగువన ఉండి జీవితాంతం చేయూత కావాల్సిన పిల్లల సంఖ్య రెట్టింపవుతుంది. 130 దాటే పిల్లలు సగం కంటే తక్కువకు పడిపోతారు. ఇది గణితం, ఇందులో అభిప్రాయం లేదు.

మరో మాట కూడా గట్టిగా చెప్పాలి. మాటలు ఆలస్యమైన ఒక ఫలానా బిడ్డకు ఫలానా రసాయనమే కారణమని ఏ డాక్టరూ వేలెత్తి చూపలేడు. వినికిడి లోపం కావచ్చు, వంశపారంపర్యం కావచ్చు, నెలలు నిండకుండా పుట్టడం కావచ్చు. ఆటిజం వచ్చిన ప్రతి ఇంట్లో తల్లిని నిలదీసి ‘కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు’ అని అడిగే క్రూరత్వానికి ఈ పరిశోధనలను ఆయుధం చేయకూడదు. సేంద్రియ కూరగాయలు కొనుక్కో, ప్లాస్టిక్ డబ్బా వాడకు, గాలిని శుభ్రం చేసే యంత్రం పెట్టుకో అని గర్భిణికి జాబితా ఇచ్చి చేతులు దులుపుకోవడం కూడా అన్యాయమే. మిరప కల్లాల్లో కూలికెళ్లే ఆమెకు ఆ జాబితాలో ఒక్కటీ అందదు. ఆమె పీల్చే గాలినీ తాగే నీటినీ మార్చగలిగింది చట్టం ఒక్కటే.

మార్చినప్పుడు ఫలితం త్వరగానే కనిపిస్తుందనడానికి రుజువులున్నాయి. చైనాలో చోంగ్‌చింగ్ దగ్గర టాంగ్‌లియాంగ్ అనే పట్టణంలో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాన్ని 2004 మేలో మూసేశారు. అది నడుస్తుండగా 2002లో పుట్టిన పిల్లలనూ, మూసేశాక 2005లో పుట్టిన పిల్లలనూ పోల్చారు. 2002 పిల్లల్లో బొడ్డుతాడు రక్తంలో పొగ ఆనవాళ్లు ఎక్కువున్న కొద్దీ రెండేళ్ల వయసులో ఎదుగుదల పరీక్షల ఫలితం తగ్గింది. 2005 పిల్లల్లో ఆ ఆనవాళ్లే తగ్గాయి, ఆ వెనకబాటు కనిపించలేదు. మూడేళ్ల తేడా, అంతే.

బంగ్లాదేశ్ పసుపు కథ మనకు ఇంకా దగ్గరిది. పసుపుకు మెరుపు రావడానికి కొమ్ములకు లెడ్ క్రోమేట్ పట్టించేవారు. గర్భిణుల రక్తంలోని సీసానికి ఇదొక ముఖ్య కారణమని స్టాన్‌ఫర్డ్ పరిశోధకురాలు జెన్నా ఫోర్సైత్, ఢాకాలోని ఐసీడీడీఆర్‌బీ శాస్త్రవేత్తలు 2019లో తేల్చారు. ప్రభుత్వం నాన్చలేదు. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే యంత్రంతో అధికారులు హోల్‌సేల్ బజారులో దాడి చేశారు, కల్తీ చేసినవాళ్లకు అక్కడికక్కడే జరిమానా వేశారు, టీవీల్లో చూపించారు. 2019లో బజారు పసుపు నమూనాల్లో 47 శాతం కల్తీవి. 2021కి ఒక్కటీ లేదు. ఆ తరువాత అదే బృందం దక్షిణాసియా నగరాల్లో వెతికితే మన పాట్నా పసుపులో సీసం భయంకరమైన స్థాయిలో దొరికింది. జాతీయ పసుపు బోర్డు ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంది. నిజామాబాద్, దుగ్గిరాల యార్డుల నుంచి వెళ్లే పసుపుకు అలాంటి ఎక్స్‌రే పరీక్ష చేసి ముద్ర వేస్తే, మన రైతు పేరూ నిలుస్తుంది, పాట్నా వంటింట్లోని బిడ్డకూ మేలు జరుగుతుంది.

చట్టం విషయంలో దారి చూపినవాళ్లు ఉన్నారు. అమెరికా 1996లో తెచ్చిన ఆహార నాణ్యత పరిరక్షణ చట్టం, ఒకే తీరున పనిచేసే పురుగుమందులను ఒక గుంపుగా లెక్కించాలంది. పిల్లల కోసం హద్దును మరో పది రెట్లు బిగించాలని కూడా చెప్పింది. అమలులో ఒడిదుడుకులున్నా సూత్రం సరైనది. యూరప్‌లో ప్రతి రసాయనం హద్దునూ మిశ్రమాల పేరిట మరికొంత తగ్గించాలన్న ప్రతిపాదన మీద చర్చ జరుగుతూ వచ్చింది. మన పురుగుమందుల చట్టం 1968 నాటిది. అందులో గర్భిణి లేదు, గుంపు లెక్క లేదు. డ్రమ్ములో కలిసేవి నాలుగైతే నాలుగింటి హద్దులూ విడివిడిగా చూసి నాలుగుసార్లు ‘సురక్షితం’ అని రాసే పద్ధతి ఇంకా సాగడం మన పిల్లల పట్ల అన్యాయం. ఆర్గానోఫాస్ఫేట్లన్నిటినీ ఒక గుంపుగా చేసి అన్నిటికీ కలిపి ఒకే హద్దు గీయడం కేంద్రం తక్షణం చేయదగిన పని. క్లోర్‌పైరిఫాస్ మీద 2020 ముసాయిదాను అమల్లో పెట్టడానికి కొత్త పరిశోధన ఏదీ అక్కర్లేదు.

రాష్ట్రాలు చేయగలిగిందీ ఉంది. గర్భిణి చేతిలో మాతా శిశు సంరక్షణ కార్డు ఉంటుంది. బరువుకు, బీపీకి, హిమోగ్లోబిన్‌కు అందులో గళ్లున్నాయి. ఆశా కార్యకర్త వాటిని నింపుతుంది, ఐరన్ మాత్రలు ఇస్తుంది. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు అందుతాయి. ఆ గుడ్డు, ఆ మాత్ర సీసానికి కూడా అడ్డుగోడే అన్న సంగతి చాలామంది అధికారులకు తెలియదు. తెలిస్తే సరఫరాలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయడానికి మనసొప్పదు. ఆ కార్డులోనే హిమోగ్లోబిన్ పక్కన రక్తంలోని సీసానికి ఒక గడి పెట్టాలి. వేలి చివర రక్తపు చుక్కతో నిమిషాల్లో ఫలితం చెప్పే యంత్రాలు చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి. అన్ని జిల్లాల్లో ఒకేసారి కుదరకపోతే బ్యాటరీలు కరిగించే చోట్లు, మిరప, పత్తి మండలాలు, ఫ్లోరైడ్ బోర్ల పల్లెలతో మొదలుపెట్టవచ్చు.

హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్లే రోడ్డు మీద కొద్ది దూరంలోనే నాలుగు సంస్థలున్నాయి. తిండిలో ఏముందో జాతీయ పోషకాహార సంస్థ చూస్తుంది. రసాయనాల సంగతి ఐఐసీటీకి తెలుసు. భూగర్భ జలాల్లో ఏం కరిగిందో ఎన్‌జీఆర్‌ఐ కొలుస్తుంది. కణంలో, జన్యువులో ఏం మారిందో సీసీఎంబీ చదువుతుంది. సెల్మా కోసం స్వీడన్, ఇటలీ వంటి దేశాలు కలిసి చేసిన పనికి కావాల్సిన నైపుణ్యం ఒక సిటీ బస్సు టికెట్టు దూరంలో ఉంది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు డబ్బు పెట్టి, ఏలూరు, గుంటూరు, నల్లగొండ, పటాన్‌చెరు నుంచి గర్భిణులను వాళ్ల సమ్మతితో చేర్చుకుని, నీరూ గాలీ రక్తమూ ఒకే పేరు కింద రాసి, పుట్టిన పిల్లలు బడికి వెళ్లేదాకా వెంట నడవాలి. మొదటి బిడ్డలు రెండున్నరేళ్లకు వచ్చేసరికే తెలుగులో ఎన్ని మాటలు పలుకుతున్నారో లెక్క చేతికొస్తుంది. ఆ లెక్కతో శాసనసభలో నిలబడి పురుగుమందుల మీద, పాత్రల మీద, పొగ మీద చట్టం అడగవచ్చు. వచ్చే బడ్జెట్లలో ఈ పద్దు ఉందో లేదో రెండు రాష్ట్రాల ప్రజలు చూడాలి, లేకపోతే ఎందుకు లేదో తమ ఎమ్మెల్యేను అడగాలి.